కారణం అనే గడి

ఫారంలో నాలుగో గడి: పుస్తకం ఎందుకు కావాలి?
ముసలాయన "చలి" అని రాశాడు.

నవ్వొచ్చింది నాకు.
ఉలాన్‌బాతర్‌లో నవంబరు దాటితే
మా యూనివర్సిటీ లైబ్రరీకి సగంమంది వచ్చేది అందుకే గదా.
ఒప్పుకుని సంతకం పెట్టిన మనిషిని మాత్రం
ఇరవై రెండేళ్లలో ఇతన్నే చూశాను.

పదిహేడో నంబరు కుర్చీ హీటరును ఆనుకుని ఉంటుంది.
పొద్దున తలుపు తీయడం ఆలస్యం
పిల్లలు దానికోసం మెట్లమీద పడి పరుగెడతారు,
ఒక చేతితొడుగు పడేసి జాగా పట్టుకుని టీకి పోతారు.
అరగంట దాటితే ఆ తొడుగు నా సొరుగులోకి.
ఇప్పటికి ఒంటి తొడుగులు పదకొండు.

ఆ రోజు ఆ కుర్చీ హులాన్‌ది.
నీటి ఇంజనీరింగు, మూడో ఏడు.
ఒకే పుస్తకాన్ని మూడుసార్లు పొడిగించుకుని
వారంగా నా కంట పడకుండా తిరుగుతోంది.

"లోపల వెచ్చగా కూర్చోండి తాతా, ఫారం అక్కర్లేదు."
"కూర్చోడానికి కాదమ్మా. నాకు చలి కావాలి.
కోతి సంవత్సరం నాటి చలి.
మా వైపు వాతావరణ కేంద్రం లెక్కలు
మీ దగ్గరున్నాయట, బస్సులో ఒకతను చెప్పాడు."

పేరు గొంబో. సభ్యత్వం లేదు.
తొమ్మిది గంటల బస్సు ప్రయాణం మోకాళ్లలో ఉంది.
బయటివాళ్లకు పుస్తకం ఇవ్వం, ఇక్కడే చదువుకోనిస్తాం.
పెన్ను బయట పెట్టాలి. పెన్సిల్ మేమే ఇస్తాం.

నేలమాళిగ నుంచి దుమ్ముతో సహా వచ్చింది రిజిస్టరు.
తెరిచి, చూసి, నావైపు తిప్పాడు.
పైనుంచి కిందికి కారే పాత లిపి.
ఆయన బడికి వెళ్లేనాటికే అక్షరాలు మారిపోయాయి.
నాకూ రాదు.
మళ్లీ నేర్పుతున్నది ఇప్పటి పిల్లలకే.

పదిహేడో కుర్చీ దగ్గరికి వెళ్లాను.
హులాన్ గబుక్కున పుస్తకం ఒళ్లో దాచుకుంది.
"జరిమానా గురించి కాదు," అన్నాను. "లే."

డిసెంబరంతా నల్ల సిరా.
సున్నాకి కింద ముప్ఫై ఒకటి. ముప్ఫై నాలుగు. ముప్ఫై నాలుగు.
జనవరి తొమ్మిది దగ్గర రాత వెలిసిపోయింది.
హులాన్ కళ్లు చికిలించి చదివింది:
"నలభై మూడు. సిరా గడ్డకట్టింది. పెన్సిల్‌తో రాస్తున్నాను."

గొంబో టోపీ తీశాడు.
"సిరా గడ్డకట్టిన రాత్రి పుట్టావురా అనేది అమ్మ.
మాటవరసకు అనుకున్నాను,
ఎముకలు కొరికే చలి అన్నట్టు."
కాసేపాగి,
"అమ్మకు చదువు రాదు.
మా గుడారంలో సిరాబుడ్డి ఏనాడూ లేదు."

హీటరు గొట్టంలో నీళ్లు గుటకలు వేస్తున్నాయి.
హులాన్ పక్క వరసలోకి దిగింది, అదీ పెన్సిల్‌దే:
"పదో తేదీ. పిడకలు రెండింతలు ఖర్చు. కారణం..."
"కారణం?"
"గీత గీసి వదిలేశాడు తాతా."

జిరాక్సు మిషనుకు పెన్సిల్ ఆనలేదు.
ముదురు చేసి మూడుసార్లు తీశాం.
డిసెంబరు నల్లగా వచ్చింది,
జనవరి వట్టి తెలుపు.

ఒక్క రోజుకు ఇంటికిస్తారా అన్నాడు.
కుదరదన్నాను. రోజుకు పదిసార్లు అనే మాటే,
నోట్లోంచి రావడానికి ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

సరే, అని పదిహేడో కుర్చీలో కూర్చుని
తను చదవలేని అక్షరాలను చూసి దింపాడు,
గుర్రం బొమ్మ వేసేవాడిలా, తలనుంచి తోకదాకా.
తోక తప్పితే హులాన్ చెరిపి దిద్దింది.
ఆ గీత దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు.
దాన్నీ వేశాడు. అంతే పొడుగు.

మూసేవేళకు పెన్సిల్ తెచ్చిచ్చాడు, ములుకు మొద్దుబారి.
నాలుగో గడి నేను సరిచేయాలి.
"చలి" అంటే పైవాళ్లు ఒప్పుకోరు.
"పరిశోధన" అని రాయబోయి, అలాగే ఫైల్లో పెట్టాను.
హులాన్ పుస్తకం అడక్కుండానే పొడిగించాను.
రూలు మూడుసార్లకే.

దీపాలార్పబోతే
పదిహేడో కుర్చీలో గొర్రెతోలు తొడుగు, ఒక్కటే.
బయట పొగమంచు, బస్సు వెళ్లిపోయి ఉంటుంది.
అరగంట ఎప్పుడో దాటింది.
దాన్ని మాత్రం హీటరు మీదే ఉంచాను.